అటెన్షన్ అనెడి మాట

ఆంగ్లభాషనుండి మన పాఠశాలలలోనికి ఈలమ్రోతతో బాటు ప్రవేశించిన మాటలలో ‘అటెన్షన్’ ఒకటి. వ్యాయామోపాధ్యాయుని నోట అది వెలువడినంతనే పిల్లలు మడమలు చేర్చి, చేతులు తొడల కానించి, చూపును ఎదుట నిలిపి, ఊపిరి సయితము బిగబట్టి నిలుతురు. ఆ సమయమున వారు దేనిని గమనించుచున్నారని ఎవరును అడుగరు, కదలకుండుటయే చాలును. కార్యాలయపు లేఖలలో ఆ మాటయే అధికారి పేరునకు ముందు చేరి, విషయము పరిష్కరింపవలసిన భారము ఎవరిదో తెలుపును. ఆసుపత్రిలో దానికి ఇంతకంటె మెత్తని అర్థము గలదు. మదనపల్లె చేరువను ఆరోగ్యవరమున 1915లో నెలకొన్న క్షయచికిత్సాలయమున, స్ట్రెప్టోమైసిన్ వంటి ఔషధములు ఇంకను పుట్టని కాలమునందు, విశ్రాంతియు, నిర్మలవాయువును, పుష్టికరాహారమును, రోగిని రేయింబవళ్లు కనిపెట్టి యుండుటయును గాక ప్రధానచికిత్స వేరేమున్నది? ‘కనిపెట్టుకొని యుండుట’ యను పలుకుబడినే తెలుగు బైబిలు కీర్తనలు దైవముకొరకు నిరీక్షించుటకును వాడినవి. రోగి మంచముకడ కూర్చుండుటకును, దైవసన్నిధిని నిలుచుటకును మన భాష ఒక్క మాటతోనే సరిపెట్టుకొన్నదనిన, ఆ రెండును ఒక్క పని యేమో యని నాకు తోచును.

ఈ మాటను మతజిజ్ఞాసకు కేంద్రముగా నిలిపిన మహనీయుడు మదనపల్లెలోనే 1895 మే నెలలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి. రెవెన్యూ ఉద్యోగి నారాయణయ్యగారి కుమారుడగు ఈ బాలుని ఉపాధ్యాయులు మందమతియని తలచిరి. పాఠము మనసున కెక్కదని దండించిరి. ఆ బాలుడే యొకనాడు తండ్రిగారి గడియారమును ఊడదీసి, మరల దానిని యథాస్థితికి కూర్చువరకు బడికి పోనని పట్టుబట్టెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఏకాగ్రత లేదన్న పిల్లవానియందు ఇంతటి లగ్నత యెట్లు కలిగెను? గురువులు కోరినది ఆజ్ఞకు లోబడిన చూపు. అతనియందున్నది వస్తువు తనంత తాను ఆకర్షించిన చూపు. అక్కడ లోపించినది బాలుని బుద్ధి కాదని నా దృఢాభిప్రాయము.

ఇంగ్లండు వాసమున చిన్ననాటి తెలుగును మరచిన ఆయన, తాను పుట్టిన ఊరికి సమీపముననే యున్న ఋషివ్యాలీ విద్యాలయమున విద్యార్థులతో ఆంగ్లమున ప్రసంగించుచు, ఏకాగ్రత వేరు, అటెన్షన్ వేరు అని పలుమారులు విడదీసి చెప్పెను. ఏకాగ్రత యనగా ఒకదానిని పట్టుకొనుటకై తక్కినవానినెల్ల త్రోసివేయుట. అందు బలాత్కారమున్నది, కావున అలసటయు నున్నది. రెండవది దేనిని త్రోసివేయదు. ఆకు కదలికను, కాకి అరపును, తన లోపలి విసుగును సైతము నిరాకరింపక చూచును. కిటికీ వెలుపలికి చూచు పిల్లవానిని గదిమి పుస్తకము వైపునకు త్రిప్పుటకంటె, వాడు చూచుదానినే సంపూర్ణముగా చూచుటకు తోడ్పడుడని ఆయన ఉపాధ్యాయులతో ననెను. వ్యాయామోపాధ్యాయుని శాసనమునకు ఇది నేరుగా ఎదురు నిలుచు అర్థము.

మన అవధానవిద్యను ఎరిగినవారికి ఈ భేదము క్రొత్తగా తోచదు. లాటిను మూలమున ఆ ఆంగ్లపదమునకు ఒకదాని దెసకు సాగుట యని అర్థము. సంస్కృతమున అవధానమనగా లోన ఉంచుట. తిరుపతి వేంకటకవుల సభలలో ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డుపడుచుండగా, ఒకరు సమస్య నీయగా, వేరొకరు ఉండియుండి గంట మ్రోగింపగా, అప్రస్తుతప్రసంగి పొంతనలేని ప్రశ్నలతో చిత్తమును చెదరగొట్టజూడగా, అవధాని ఏ యొక్కరిని వెడలగొట్టడు. అందరికిని లోన చోటిచ్చును. విక్షేపమే ఆ సభకు అంగము. అయినను అవధానికి పద్యమును ముగింపవలసిన గమ్యము గలదు, ధారణ యను జ్ఞాపకబలము గలదు. కృష్ణమూర్తి కోరిన చూపునకు గమ్యమును లేదు, కూడబెట్టుటయు లేదు. అందుచేతనే అది విద్య కాక మతవిషయమైనది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. సత్యమునకు మార్గము లేదని 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్‌లో ప్రకటించి, తనకొరకు కల్పింపబడిన నక్షత్రసంఘమును తానే రద్దు గావించిన ఆయన, అభ్యాసము మనస్సును యంత్రము చేయునని చెప్పుచు వచ్చెను. కాని భగవద్గీత ఆఱవ అధ్యాయమున మనస్సు గాలివలె పట్టువడదని అర్జునుడు మొఱపెట్టగా శ్రీకృష్ణుడు అభ్యాసమునే మొదట పేర్కొనెను. సాయంకాలమున ‘అస్తాచల’మను పేర పిల్లలు మౌనముగ కూర్చుండి సూర్యాస్తమయమును చూచు నియమము ఋషివ్యాలీలోనే కలదు, నిత్యము జరుగుదాని నభ్యాసము కాదనుట యెట్లు?

నా మట్టుకు, ఆ నియమము పిల్లలకు తీరికను కల్పించునే గాని చూపును కల్పింపదు. కూర్చుండబెట్టుట పెద్దల చేతిలోనిది, చూచుట మాత్రము వారి చేతిలోనిది కాదు. గీత అభ్యాసముతో బాటు వైరాగ్యమును గూడ చెప్పినది.  కృష్ణమూర్తి అభ్యాసమును విడిచెనే గాని, ఫలమును, ఇష్టానిష్టములను, తన్ను గూర్చి తాను చేసికొనిన కల్పనలను వదలి చూడుమని చెప్పినపుడెల్ల, పేరెత్తకయే రెండవ మాటను బోధించుచుండెను. గీతతో ఆయనకు గల విరోధము లోకము తలచునంత పెద్దది కాదు.