మధ్యలో ఉండేది

నా కారు వెనకనించి ఒక చప్పుడు వచ్చేది. పెద్దదేం కాదు. పార్కింగ్‌లో వెనక్కి తీసి, మళ్ళీ ముందుకి కదిలేటప్పుడు ‘టక్’మని ఒక్కటే, ఎవరో గడియ వేసినట్టు. చప్పుడొక్కటే అయితే సర్దుకుపోయేవాణ్ణి. కానీ హైవే మీద 70 మైళ్ళ వేగంలో బ్రేకు మీద కాలేస్తే కారు వెనక భాగం తన ఇష్టానికి ఒక పక్కకి జరిగేది. స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది, నేను తిప్పలేదు. అయినా కారు తిరిగింది.

కారు 2003 నాటి బీఎమ్‌డబ్ల్యూ ఎమ్3, ఈ46 అనే తరానిది. 3.2 లీటర్లు, ఆరు సిలిండర్లు, అమెరికాలో అమ్మినవాటికి 333 హార్స్‌పవర్, ఇంజను 8000 ఆర్‌పీఎమ్ దాకా గొంతెత్తుతుంది. ప్లేనోలో మా వీధిలో సగం ఇళ్ళ ముందు చప్పుడే చెయ్యని ఎలక్ట్రిక్ కార్లు. నేనేమో ఇరవయ్యేళ్ళు దాటిన కారు కొనుక్కుని, శనివారాలు దాని కింద పడుకుంటాను.

విజయవాడ ఆటోనగర్లో ముప్ఫయ్యేళ్ళు లారీల కింద పనిచేసిన మా బాబాయికి వీడియో కాల్లో ఆ చప్పుడు వినిపించాను.

“బుష్షులు పోయాయిరా,” అన్నాడు, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా.

“చూడకుండానే ఎలా చెప్తున్నావు బాబాయ్?”

“చూసేదేముంది. రెండు ఇనుములు మాట్లాడుకుంటున్నాయంటే మధ్యలోది చచ్చిపోయిందని.”

ఈ వ్యాసం ఆ మధ్యలోదాని గురించి.

బుష్ అంటే లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యలో ఆ రెండిటికీ అతికించిన రబ్బరు. అంతే. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు కొస బాడీకి కలిసేచోట ఇది ఉంటుంది, పక్కకొకటి చొప్పున రెండు. చక్రం గుంతలో పడి లేస్తే ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతుంది. అక్కడ బేరింగ్ లేదు, జారే భాగమేమీ లేదు. రబ్బరే మెలితిరిగి, మళ్ళీ తన చోటికి తను వస్తుంది. పైగా ఆర్మ్ తిన్నగా ఊగితే సరిపోదు. అదే చక్రాన్ని పక్కనించి పట్టుకున్న లింకులు ఇంకో రెండున్నాయి. వాటి దారి వేరు, దీని దారి వేరు. అందుకని ఆర్మ్ లేచేటప్పుడు కాస్త పక్కకి కూడా వాలాలి. ఒకే చక్రాన్ని మూడు చేతులు మూడు రకాలుగా లాగుతుంటే ఏదీ విరక్కుండా ఉందంటే ఈ రబ్బరు అన్నివైపులా కొంచెం కొంచెం ఒప్పుకోబట్టే.

ఆ ఒప్పుకోవటం శ్రుతి మించితే అదే జబ్బు. రబ్బరు చీలిపోయాక బ్రేకు వేసినప్పుడల్లా చక్రం చూసే దిశ కొద్దిగా మారిపోతుంది. వెనక చక్రాలు దిశ మార్చుకోవటమంటే వెనక సీట్లో ఇంకొకడు కూచుని ఇంకో స్టీరింగ్ తిప్పుతున్నట్టే.

మార్చాలంటే నాలుగు దారులు. ఫ్యాక్టరీలో వేసినలాంటి రబ్బరే మళ్ళీ వెయ్యటం ఒకటి. అదే రబ్బరుకి అటూ ఇటూ లిమిటర్లనే పల్చటి బిళ్ళలు చేర్చటం రెండోది. మూడోది పాలీయూరిథేన్, రబ్బరుకంటే బాగా గట్టిది. నాలుగోది గుండ్రటి బేరింగ్. రేసు కార్లలో వేస్తారు, ఇనుముకి ఇనుమే, మెత్తదనం సున్నా.

నేను మరో ఆలోచన లేకుండా పాలీయూరిథేన్ ఆర్డరు పెట్టాను. నాకు మధ్యలో మెత్తగా ఏదీ ఉండకూడదు. రోడ్డు మీద ఏముంటే అది నా వీపుకి తెలియాలి. రబ్బరు నిజాన్ని పల్చన చేస్తుందనీ, గట్టిది ఉన్నదున్నట్టు చెప్తుందనీ నా నమ్మకం. నేను పుస్తకాల మీద సమీక్షలు రాసినా ఇంతే. ఆఫీసులోనూ ఇంతే. ‘ముక్కుసూటి మనిషి’ అని ఎవరైనా అంటే అది తిట్టని ఎప్పుడూ అనిపించలేదు.

డబ్బా వచ్చింది. దాన్ని తెరవకముందే ఇంకోటి వచ్చింది, ఒక ఈమెయిలు. మా టీంలో రెండేళ్ళు పనిచేసి, ఎనిమిది నెలల కింద మానేసిన హైదరాబాదు కుర్రాడు. “అన్నా, ఒక కంపెనీలో చివరి రౌండు అయింది. రిఫరెన్స్‌గా మీ పేరు ఇచ్చాను. సోమవారం ఫోన్ చేస్తారట.”

అతను ఎందుకు మానేశాడో చెప్పాలి. అతను చేసిన ఒక కాన్ఫిగరేషన్ మార్పువల్ల ఓ రాత్రి మా సర్వీసు మూడు గంటలు ఆగిపోయింది. మా పైఅధికారి నాకొక మెయిలు రాశాడు. అందులో కొన్ని మాటలు ఏ మనిషీ ఇంకో మనిషి గురించి రాయకూడనివి. నేను దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఆ కుర్రాడికి ఫార్వర్డ్ చేశాను. పైన ‘నీకు తెలియాలని’ అని ఒక్క ముక్క రాశాను. దాచటం నా పద్ధతి కాదు కదా! ఉన్నదున్నట్టు అందించాను. అప్పుడు అతనికి హైదరాబాదులో ఉదయం ఆరున్నర. రెండు నెలలకి రాజీనామా ఇచ్చాడు.

మధ్యలో ఉన్నవాడి ధర్మం ఏమిటి? పైనించి వచ్చినదాన్ని కిందికి ఉన్నదున్నట్టు పంపటమా, కొంత తనలో ఇముడ్చుకోవటమా? ఇముడ్చుకుంటే అది అబద్ధం కాదా? నా ప్రశ్న ఇదీ. బుష్‌తో మొదలైంది కానీ బుష్‌ది కాదు.

కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి కథ వస్తుంది. నిజమే చెప్తానని వ్రతం పట్టినవాడు. దొంగలు తరుముతుంటే కొందరు అతని ఆశ్రమం పక్క అడవిలో దాక్కున్నారు. దొంగలొచ్చి అడిగారు. ఇతను వ్రతం తప్పకుండా చూపించాడు. వాళ్ళందరూ చచ్చిపోయారు, కౌశికుడు నరకానికి పోయాడు. కథలో నన్ను పట్టుకున్నది నరకం కాదు. తనవల్ల ఏమీ జరగలేదని కౌశికుడు అనుకోగలిగే వీలు. కత్తి అతనిది కాదు, పగ అతనిది కాదు. అతను కేవలం మధ్యలో ఉన్నాడు. అడిగారు, చెప్పాడు.

ఈ కథ కృష్ణుడు ఎవరికి, ఎప్పుడు చెప్తాడో చూడండి. ధర్మరాజు గాండీవాన్ని నిందించాడని, ప్రతిజ్ఞ ప్రకారం అర్జునుడు సొంత అన్నని చంపటానికి కత్తి దూసినప్పుడు. ప్రతిజ్ఞ నిలబడాలి, అన్న బతకాలి. దానికి కృష్ణుడు చూపించిన దారి: పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని తూలనాడు, అదే చంపటంతో సమానం. చిన్నప్పుడు ఇది విని లాయరు తెలివి అనుకున్నాను. ఇప్పుడలా అనిపించట్లేదు. మాటతో చంపటం పోలిక కాదనీ, లెక్కలోకి వచ్చే చావేననీ ఆ కథకి తెలుసు. నేను ఫార్వర్డ్ బటన్ నొక్కినప్పుడు నాకు తెలీదు.

అయితే దీనికి అవతలి పక్క కూడా ఉంది. నా మొదటి ఉద్యోగంలో టీం లీడరు చాలా మంచివాడు. పైనించి ఏ దెబ్బ వచ్చినా మాదాకా రానిచ్చేవాడు కాదు. ‘అంతా బానే ఉంది, మీరు పని చూసుకోండి’ అనేవాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ప్రాజెక్టు మూసేశారని తెలిసింది. అతనికి నాలుగు నెలల ముందే తెలుసు. ఆ నాలుగు నెలల్లో మాలో ఒకడు ఇల్లు కొన్నాడు. అది చీలిపోయిన రబ్బరు. ఏ చప్పుడూ వినిపించనివ్వలేదు, కారు ఎటు పోతోందో కూడా తెలియనివ్వలేదు. నేను ముక్కుసూటి మనిషినైంది బహుశా అప్పుడే. ‘నేను మాత్రం ఇలా చెయ్యను’ అనుకున్నాను. అతని తప్పుకి విరుగుడనుకుని ఇంకో తప్పు నేర్చుకున్నాను.

ఆ శనివారం కారు ఎత్తి, పాలీయూరిథేన్ డబ్బా తెరిచి, దాంతోపాటు వచ్చిన గ్రీజు పొట్లం చేత్తో పట్టుకుని చాలాసేపు కూచున్నాను. బాబాయికి ఫోన్ చేశాను.

“గట్టిది తెచ్చావా? ఎందుకు?”

“ఖచ్చితంగా ఉంటుందని.”

“గట్టిగా ఉండేదల్లా ఖచ్చితంగా ఉంటుందని ఎవడు చెప్పాడు? అది ఊగాల్సిన చోట ఊగకపోతే ఇంకేదో ఊగుద్ది. నువ్వు దెబ్బ ఆపట్లేదురా, పక్కోడికి పంపిస్తున్నావు.”

ఇది ఇంజనీరింగ్ చదివిన నాకు తెలియాల్సిన విషయమే. పాలీయూరిథేన్ తన ఇరుసు చుట్టూ తిరగమంటే తిరుగుతుంది, కందెన ఉన్నన్నాళ్ళు. పక్కకి వాలమంటే మాత్రం మొరాయిస్తుంది. ఆర్మ్ వాలి తీరాలి, బుష్ వాలనివ్వదు, సస్పెన్షన్ బిగుసుకుపోతుంది. చక్రం రోడ్డుని వదలకుండా అంటుకుని ఉండాల్సిన చోట స్వేచ్ఛగా కదల్లేదు. అంటే నిజం చెప్తుందని నేను తెచ్చినదే రోడ్డు గురించి తప్పు చెప్తుంది, కాకపోతే గట్టిగా చెప్తుంది. ఇక ఆ బలమంతా ఎక్కడికి పోతుంది? ఈ తరం కార్లకి బాగా తెలిసిన జబ్బొకటుంది. వెనక సబ్‌ఫ్రేము బాడీకి కలిసేచోట రేకు పగుళ్ళిస్తుంది. గట్టి బుష్ వేస్తేనే పగులుతుందని కాదు, మామూలువాటికీ పగుళ్ళొచ్చాయి. కానీ మధ్యలో ఇమడని దెబ్బ అంతా చివరికి చేరేది పల్చటి రేకుకే. టీంలో పల్చటి రేకు ఎవరో నాకు ఆ రాత్రి కూడా తెలుసు.

డబ్బా వెనక్కి పంపేసి రబ్బరు బుష్షులూ లిమిటర్లూ తెప్పించాను. లిమిటరు చేసే పని చిన్నది. రబ్బరుని గట్టిపరచదు. మెలి తిరగటానికి అడ్డు రాదు, కాస్త వాలటానికి అడ్డు రాదు. పక్కకి జరగటాన్ని మాత్రం ఒక హద్దు దాటనివ్వదు. ‘మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా’ అన్న ప్రశ్నే తప్పు, ‘ఏ వైపుకి మెత్తగా, ఏ వైపుకి గట్టిగా’ అని అడగాలి. మా మొదటి లీడరు అన్ని వైపులా మెత్తన. నేను అన్ని వైపులా గట్టి. ఇద్దరం దిశ గురించి ఆలోచించలేదు. కోపం, అవమానం, పైవాడి నిద్రలేమి – ఇవి చప్పుళ్ళు. వీటిని నాలో ఇముడ్చుకున్నా ఎవరికీ ఏ నిజమూ తగ్గదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరి వాటా ఎంత – ఇది చక్రం చూసే దిశ. దీన్ని ఒక్క డిగ్రీ కూడా జరగనివ్వకూడదు.

నేను సరిగ్గా తిరగేసి చేశాను. చప్పుడంతా పంపి, దిశ జరిపేశాను. ఎందుకంటే ఇక్కడిదాకా మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ మార్పుని విడుదలకి ముందు చూసి ఆమోదించాల్సినవాణ్ణి నేనే. ఆమోదించాను. చదవలేదు. ఆ మెయిలులో ఆ ముక్క లేదు, పైఅధికారికి తెలీదు కాబట్టి. దాన్ని ‘ఉన్నదున్నట్టు’ పంపిన నేనూ చేర్చలేదు. కౌశికుడు కనీసం అబద్ధమాడలేదు.

బుష్ మార్చటం ఒక పూట పని అంటారు, నాకు రెండు రోజులు పట్టింది. ముందు బ్రాకెట్ ఉన్న చోటు గీతలు పెట్టుకోవాలి, వెనక చక్రాల దిశ దాంతోనే కుదుర్చుతారు కాబట్టి. ఆర్మ్ కిందికి దించేటప్పుడు బ్రేకు పైపు లాక్కుపోకుండా చూసుకోవాలి. పాత బుష్ పొడవాటి మర బోల్టుతో, కప్పులతో లాగితే గానీ రాదు. కుడివైపుది వచ్చేసరికి టపాకాయలా పేలింది. చేత్తో వంచి చూస్తే రబ్బరు సగందాకా చీలి ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది నడిమి బోల్టు బిగించే కోణం. బ్రాకెట్ బాడీకి ఎక్కించాక ఆ బోల్టు అందదు, అంచేత ముందే బిగించాలి. కానీ కారు గాల్లో ఉన్నప్పుడు ఆర్మ్ కిందికి వేలాడుతుంటుంది. అదే దాని సహజ స్థితి అనుకుని ఆ కోణంలో బిగిస్తే, కారు నేల మీద దిగిన క్షణంనించీ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. నిలబడి ఉన్నా మెలే. కొత్త రబ్బరు కొద్దికాలానికే చీలిపోతుంది. అందుకని కారు తన బరువు తను మోస్తూ నిలబడినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటుందో కొలిచి, ఆ కోణంలో పెట్టి బిగించాలి.

నేను నా సూత్రాలన్నీ గాల్లో వేలాడుతూ బిగించుకున్నవాణ్ణి. బరువు మోయని రోజుల్లో, ఇరవై మూడేళ్ళప్పుడు, ఇంకొకరి తప్పు చూసి.

ఆదివారం రాత్రి చేతుల మసి పూర్తిగా వదలకుండానే అతనికి మెయిలు రాశాను. నీ తప్పేం లేదని రాయబుద్ధేసింది. రాయలేదు, అది నిజం కాదు. మార్పు నీది, ఆమోదం నాది, నేను చదవలేదు, ఆ సంగతి అప్పుడే చెప్పాల్సింది, ఆ మెయిలు నీకు పంపకుండా ఉండాల్సింది అని రాశాను. ఇదే మాట మా పైఅధికారికీ రాశాను. ఆ రెండోది రాయటానికి ఎక్కువసేపు పట్టింది. సోమవారం ఫోన్లో అవతలామె “అతనితో ఏమైనా సమస్యలున్నాయా?” అని అడిగితే, ఒక సంఘటన ఉందని చెప్పి, అందులో నా వాటాతో సహా చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

అతని జవాబు రెండు రోజులకి వచ్చింది. “థాంక్స్ అన్నా.” అంతే. అందులో క్షమ ఉందో లేదో వెతకటం నా పని కాదనిపించింది.

కారు ఇప్పుడు తిన్నగా పోతోంది. రివర్స్‌లోంచి ముందుకి వేస్తే చప్పుడు లేదు. బాబాయికి చెప్తే, “పది రోజులు పోతే దాని సంగతే మర్చిపోతావులే,” అన్నాడు.

పోయిన వారం పైనించి ఇంకో మెయిలు వచ్చింది. మూడుసార్లు చదివి, అందులోంచి నాలుగు వాక్యాలు తీసేసి, మిగిలింది నా మాటల్లో టీంకి రాశాను. పంపేముందు తీసేసినవాటిని మళ్ళీ ఒకసారి చదివాను. మూడు చప్పుడే. నాలుగోది చప్పుడో, రోడ్డో తేల్చుకోలేక, మళ్ళీ చేర్చి పంపాను.