బొమ్మకు తీర్పరి ఎవరు?

ఒక బొమ్మ సరిగా ఉందని చెప్పే అధికారం ఎవరిది? గీసినవారిదా, చూసినవారిదా, ఎవరి కోసం గీశారో వారిదా?

మన దేశంలో చిత్రకళకు, శిల్పకళకు జాతీయ సంస్థ లలిత కళా అకాడమీ. 1954లో ఢిల్లీలో ఏర్పడింది. ప్రభుత్వ సొమ్ముతో నడుస్తుంది. దానికి అధ్యక్షుడు, సర్వసభ్య మండలి, కార్యవర్గం ఉంటాయి. చెన్నై, కోల్‌కతా, లక్నో, భువనేశ్వర్ వంటి చోట్ల ప్రాంతీయ కేంద్రాలున్నాయి. జాతీయ ప్రదర్శనకు కళాకారులు ఎవరికి వారు తమ పేరుతో పంపుకోవాలి. న్యాయనిర్ణేతలు ఎంపిక చేస్తారు. ఈ పద్ధతి వెనుక ఒక నమ్మకం ఉంది: కళ ఒక్క మనిషిది, దాన్ని తూచేది కళ చదివిన కన్ను.

ఆదివాసుల దగ్గర ఆ లెక్క వేరు. గుజరాత్‌లోని ఛోటా ఉదయ్‌పూర్ వైపు రాఠ్వాలు మొక్కు తీర్చుకోవడానికి ఇంటి గోడ మీద పిఠోరా గుర్రాలను గీయిస్తారు. బొమ్మ పూర్తయ్యాక బడ్వో అనే పూజారి పూనకంలో ఒక్కో రూపాన్నీ సరిచూస్తాడు. ఏది తక్కువైనా మళ్లీ గీయాల్సిందే. అంటే అక్కడా తీర్పరి ఉన్నాడు. ఆయన చూసేది అందం ఒక్కటే కాదు, దేవుడికిచ్చిన మాట నిలిచిందా అని.

అయితే మన తీర్పరి ఎప్పుడూ న్యాయంగానే ఉంటాడా? భీల్ ఆచారంలో పిఠోరా గుర్రాన్ని ఆడవాళ్లు గీయకూడదు. భీల్ మహిళ భూరీ బాయి భోపాల్‌లో భారత్ భవన్ కడుతున్నప్పుడు కూలి పనికి వెళ్లారు. చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆమె చేత కాగితం మీద బొమ్మలు వేయించారు. ఆమె ఆ గుర్రం జోలికి పోకుండా చెట్లు, జంతువులు, తన ఊరి బతుకు గీశారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఊరు తెరవని తలుపు బయటి కన్ను తెరిచింది.

కాబట్టి ఒక్క కన్ను చాలదు. బయటి కన్నుకు బొమ్మ కనిపిస్తుంది, మొక్కు కనిపించదు. ఊరి కన్నుకు మొక్కు తెలుసు, ఒక్కోసారి మనిషి కనిపించదు. జాతీయ సంస్థలో మన బొమ్మలకు గోడ మీద చోటిస్తే సరిపోదు. వాటి అర్థం తెలిసిన పెద్దలకు తీర్పు చెప్పే పీటల మీద కూడా చోటుండాలి. అదే సమయంలో మన ఆచారంలో ఎవరి చేతులు ఆగిపోయాయో మనమే అడగాలి.

సీతంపేట కొండల్లో సవరల ఇళ్ల గోడల మీది బొమ్మలు పెద్దల కోసం, దేవతల కోసం గీసినవి. బడిలో ఒక పిల్ల అలాంటి బొమ్మ గీస్తే, టీచర్లు మార్కులు వేసేముందు ఒక మాట అడగండి: "ఇది ఎవరి కోసం, అమ్మా?" జవాబు తెలియకపోతే ఆ పిల్ల ఇంటికెళ్లి అవ్వను అడుగుతుంది. మన అకాడమీ అక్కడ మొదలవుతుంది.