తండ్రుల ఖాతా

తండ్రి చేసిన అప్పును కుమారుడు తీర్చుట లోకమర్యాద. పత్రము వ్రాసినవాడు కాలగతి చెందినను పత్రము చెల్లుచునే యుండును. ధనము విషయములో ఈ ధర్మము అందరును ఎరిగినదే. మరి తండ్రుల తరమువారు చేసిన పాపము మాట యేమి? దానికి బిడ్డలు బాధ్యులా? జర్మనీ దేశపు చిత్రకారుడు ఆన్సెల్మ్ కీఫర్ చిత్రములు ఈ ప్రశ్ననే అడుగుచున్నవి.

కీఫర్ 1945 మార్చి నెలలో, ఐరోపాలో యుద్ధము ముగియుటకు రెండు నెలల ముందు, జన్మించెను. నాజీ ప్రభుత్వము సుమారు 60 లక్షల మంది యూదులను చంపించినది. ఆ ఘోరములో ఈ శిశువునకు పాలు లేదు. అయినను పెద్దవాడైన పిదప, పెద్దలు మూసిపెట్టిన ఆ ఖాతాను అతడు తెరచెను.

అతనికి రంగులు మాత్రమే చాలలేదు. గడ్డి, బూడిద, లక్క, సీసము మొదలగువానిని గూడ చిత్రములలో చేర్చెను. 1981 నాటి 'మార్గరెటె' చిత్రములో నిజమైన ఎండుగడ్డియే బంగారు జుట్టు. 1983 నాటి 'షులామిత్'లో మసిబారిన ఇటుకల మండపము, దాని చివర చిన్న మంటలు కనబడును. ఈ రెండు పేర్లును యూదు కవి పాల్ సెలాన్ కవితలోనివి. ఆ మండపము నాజీల కాలమున జర్మను సైనికుల గౌరవార్థము తలపెట్టిన కట్టడమునకు అనుకరణము. చంపినవారి కీర్తికై గీచిన మండపమునే కీఫర్ చచ్చినవారి స్మారకముగా మార్చెను.

గడ్డి కాలక్రమమున నల్లబడును, రాలును. నిలువని సరుకును వెలకు ఇచ్చుట న్యాయమా యని ఎవరైన అడుగవచ్చును. లోపమును దాచి అమ్మినచో మోసము. ఇచ్చట దాచినది లేదు. రాలు స్వభావము చూచువారి కన్నులయెదుటనే యున్నది. పైగా రాతి స్మారకమును నిలిపి, పని తీరినదని జనులు మరచిపోవుట కలదు. గడ్డితో చేసినదానిని ప్రతి తరమువారును పనిగట్టుకొని కాపాడుకొనవలసినదే. జ్ఞాపకము గూడ అట్టిదే గదా!

ఎవరి కర్మ వారిదే. చంపినవాని పాపము పుట్టని బిడ్డకు అంటదు. కాని ఆ ఖాతా పుస్తకము మాత్రము వారసుని చేతికే వచ్చును. దానిని కాల్చివేయుటయో, భద్రపరచి ఉన్నది ఉన్నట్లు చదువుటయో వాని యిష్టము. కాల్చినచో, ఆ పని యిక వాని సొంత ఖాతాలోనే చేరును.