నోటి తప్పునకు దండన

మాట జారినవానిని మన్నింపవలయునా, దండింపవలయునా యనునది లోకమున ప్రాత ప్రశ్నయే. ఇరుగుపొరుగువారి నడుమ పుట్టిన మాటపట్టింపైనచో నాలుగు దినములు గడచునప్పటికి దానంతట నదియే చల్లారును. కాని మాట జారినవాడు గురువును, వినినవారు శిష్యులును, తీర్పు చెప్పవలసినది కళాశాలయు నైనప్పుడు దానిని కాలమునకు వదలివేయుట ధర్మము గాదు. ఎంత దండింపవలయును? ఎప్పుడు దండింపవలయును? ఎవరి మాట విని దండింపవలయును? ఈ మూడు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుకొనని విద్యాసంస్థ, సమయము వచ్చినప్పుడు ఒకనాడు మెత్తబడి, వేఱొకనాడు కఱకుబడి, రెండునాళ్ళును అన్యాయమే చేయును. అమెరికా దేశపు విశ్వవిద్యాలయములలో ఆటలు నేర్పు శిక్షకుల విషయమున జరిగిన రెండు సంగతులు మన కీ సత్యమును చక్కగా బోధించుచున్నవి.

ఆ దేశమున కళాశాలలలోని యాట సాయంకాలపు కాలక్షేపము గాదు. బాస్కెట్‌బాల్ వంటి ఆటలను చూచుటకు వేలకొలది జనులు చేరుదురు. టెలివిజనువారు సొమ్ము చెల్లింతురు. విశ్వవిద్యాలయపు పేరుప్రతిష్ఠలు కొంతవఱకు జట్టు గెలుపోటములపై నాధారపడియుండును. ఆట నేర్పువానిని అచ్చట కోచ్ అందురు. ఏ బాలుని జట్టులోనికి పిలువవలయునో, ఎవనిని ఆడింపవలయునో, ఎవనిని ఆడనీయక ప్రక్కన కూర్చుండబెట్టవలయునో నిర్ణయించువా డతడే. ఆటనుబట్టి లభించు విద్యార్థివేతనముతోనే చదువు సాగించు పేదబాలు రనేకులు. గణితోపాధ్యాయుడు కసరినచో విద్యార్థికి ఒక గంట కష్టము. కోచ్ కసరినచో వాని చదువునకే ముప్పు రావచ్చును. ఈ యధికారమును మనసునం దుంచుకొననిచో అతని మాట బరువు మనకు తెలియదు.

మొదటి సంగతి 1993 నాటిది. మిషిగన్ రాష్ట్రమందలి సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయమున కీత్ డాంబ్రాట్ అనునతడు పురుషుల బాస్కెట్‌బాల్ జట్టునకు శిక్షకుడు. అతడు తెల్లవాడు, జట్టులోని 14 మందిలో 11 మంది నల్లవారు. ఆ జనవరిలో ఒక పోటీ ఓడిన సందర్భమున, దుస్తులు మార్చుకొను గదిలో అతడు ఆటగాండ్రను మందలించుచు, ఒక మాట వాడుటకు వారి కభ్యంతర మున్నదా యని యడిగి, బానిసతనపు దినములనుండియు నల్లవారిని హీనపఱచుటకు వాడబడిన నీచపదమును పలికెను. అట్టివారు జట్టున మఱికొందఱు కావలయుననియు, నల్లవాడైన తన సహాయశిక్షకు డట్టివాడే యనియు, తెల్లవాడైన ఒక ఆటగాడును అట్టివాడే యనియు చెప్పెను. జంకులేనివాడు, గట్టివాడు అని యతని భావము. ఆటగాండ్రును తమలో తాము ఆ పదమును ఆ యర్థముననే వాడుకొనుచుండిరి.

సంగతి బయటికి పొక్కెను. క్రీడాధికారి విచారింపగా తమకు నొప్పి కలుగలేదని నల్లవారైన ఆటగాండ్రు చెప్పిరి. పిదప, పూర్వము ఆ జట్టునం దుండిన విద్యార్థి యొకడు ఫిర్యాదు చేసెను. విశ్వవిద్యాలయము తన నిబంధన ననుసరించి శిక్షకుని అయిదు దినములు జీతము లేకుండ ఉద్యోగమునుండి నిలిపివేసెను. అతడును అందు కంగీకరించెను. అంతటితో ముగియవలసిన వ్యవహారము ముగియలేదు. విద్యార్థుల పత్రికలో వార్త పడెను. ఆవరణమున ప్రదర్శనము జరిగెను. వార్త దేశమంతట వ్యాపించెను. ఏప్రిల్ 12వ తేదీన, రాబోవు క్రీడాకాలమున కతనిని ఉంచుకొనబోమని విశ్వవిద్యాలయము తెలిపెను. జట్టును సమర్థతతో నడుపజాలడనుటయే చూపిన కారణము. అతడు న్యాయస్థానమున కెక్కెను. జట్టులోని కొందఱు ఆటగాండ్రును అతనితోపాటు వాదులైరి. 1995లో అప్పీలు న్యాయస్థానము రెండు మాటలు చెప్పెను. విశ్వవిద్యాలయపు నిబంధన మితిమీఱి విశాలమును, అస్పష్టమును గనుక రాజ్యాంగవిరుద్ధము. అయినను శిక్షకుని తొలగించుట చెల్లును, ఏలయన అతడు పలికినది ప్రజలందఱికి సంబంధించిన చర్చావిషయము గాదు.

శిక్షకుని పక్షమున చెప్పదగిన దేమియు లేదని మే మనము. అతడు తిట్టదలచి తిట్టలేదు. పౌరుషము కలిగింపదలచి పలికెను. ఉద్దేశమును గణింపని దండన గ్రుడ్డి దండన. చేయి తగిలి కుండ పగులగొట్టినవానిని, కసితో పగులగొట్టినవానిని ఒక్క గాట కట్టరాదు. కాని మంచి యుద్దేశము నేరమును తగ్గించునే గాని మాటలోని విషమును తీసివేయజాలదు. అంతకుముందు నవంబరులోనే, ఆటస్థలమున ఆ పదమునకు తగినట్లు ఆడుడనియు, తరగతిగదిలో మాత్ర మట్లుండవలదనియు అతడు చెప్పినట్లు న్యాయస్థానపు తీర్పునందు కలదు. మెచ్చుకోలుగా పలికిన ఆ మాటలోనే, నల్లవారికి కండబలమే గాని బుద్ధిబలము లేదను ప్రాతనింద పొంచియున్నది. దానిని అతడు క్రొత్తగా పెట్టలేదు; మాటయే వెంటదెచ్చినది. పలికినవాని యుద్దేశముకన్న మాటకు వయస్సెక్కువ.

తెలుగువారి కిది బోధపఱుప నక్కఱలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమమువారు తమ కులనామమును తమ పేళ్ళకు చేర్చుకొని గర్వముతో చాటిరి. అదే నామము పంతులు నోట మందలింపుగా వెలువడినచో బాలుని గుండెలో ములుకై దిగును. మాట యొక్కటే, పలికిన నోరు వేఱు, పలికిన చోటు వేఱు. తన గాయమును తాను తడవుకొనుటకును, పరుడు వచ్చి దానిపై వ్రేలు పెట్టుటకును గల భేదమే యిచ్చటను గలదు. కావున ఆటగాండ్రు తమలో తాము వాడుకొనినారు గదా యను సమాధానము చెల్లదు.

ఇక అనుమతి మాట. అడిగి పలికెను, కొందఱు సరే యనిరి, పిదప నొప్పి లేదనిరి. ఇంకేమి కావలయునని యడుగువారు గలరు. ఆ యువకులందఱును భయముచేతనే యట్లు పలికిరని మేము చెప్పము. అతని పక్షమున బహిరంగముగా మాటలాడి, న్యాయస్థానము వఱకు తోడువచ్చినవారిని పిఱికివారనుట వారికి మఱియొక యవమానము. అయినను రెండు సంగతులు మఱువరాదు. రేపు తన్ను ఆడించువాడో, కూర్చుండబెట్టువాడో యగు వాని యెదుట చెప్పిన సమ్మతికి పూర్ణస్వాతంత్ర్యము కలుగదు. మఱియు కొందఱి సమ్మతి తక్కినవారిని బంధింపదు. పదిమంది నవ్విన మాటకు పదునొకండవవాడు లోలోపల కుమిలిపోవచ్చును. ఫిర్యాదు చేసినవాడు అప్పటికి జట్టున లేనివా డగుట గమనింపదగినది. అధికారపు నీడ దాటిన పిదపనే కొందఱికి గొంతు పెగలును.

ఇట్లు తప్పు తప్పే యని మేము నిశ్చయించుచున్నాము. అయినను విశ్వవిద్యాలయము నడచిన తీరు మాకు సమ్మతము గాదు. అయిదు దినముల జీతము తగ్గించి తీర్పు చెప్పినది తానే. ఆపై అదే వ్యవహారమున ఉద్యోగము తీసివేసినదియు తానే. జనవరిలో పలికిన మాట ఏప్రిల్ నాటికి మాఱలేదు. మాఱినది ముఖ్యముగా దానిని వినినవారి సంఖ్య. అయిదు దినములు చాలని తప్పైనచో మొదటనే చాలదనవలసినది. చాలినచో కేకలు వేయువారి యెదుట నిలిచి, మా తీర్పు మే మిచ్చితిమి అని చెప్పవలసినది. జట్టును నడుపగలడా లేడా యనునది వేఱు ప్రశ్న. అదియు న్యాయమైన ప్రశ్నయే. తమ బిడ్డను అతనియొద్దకు పంపుటకు తల్లిదండ్రులు జంకినచో శిక్షకత్వము సాగదు. కాని ఆ ప్రశ్నను మొదటిదినముననే యడిగి, అతని చేతిక్రింది వారినుండి జవాబు రాబట్టవలయును గాని, పత్రికల శీర్షికలనుండి గాదు.

రెండవ సంగతి దీనికి తలక్రిందు. న్యూజెర్సీ రాష్ట్రమందలి రట్గర్స్ విశ్వవిద్యాలయమున మైక్ రైస్ అను బాస్కెట్‌బాల్ శిక్షకుడు సాధన సమయమున ఆటగాండ్రను నెట్టుటయు, వారిపై బంతులు విసరుటయు, స్వలింగానురాగులను హీనపఱచు మాటలతో దూషించుటయు చిత్రములందు నమోదయ్యెను. క్రీడాధికారి ఆ చిత్రములను చూచెను. 2012 డిసెంబరులో మూడు పోటీలకు దూరముగా నుంచి, జరిమానా విధించి శిక్షకుని మఱల పనిలోనికి తీసికొనిరి. 2013 ఏప్రిల్ 2వ తేదీన ఆ చిత్రములే టెలివిజనులో దేశమంతయు చూచెను. 3వ తేదీన శిక్షకుని తొలగించిరి. 5వ తేదీన క్రీడాధికారియు పదవి విడిచెను. డిసెంబరులో చూచిన కన్నులకు కానరాని ఘోరము ఏప్రిల్‌లో ఒక్కదినమున కానవచ్చెనా? అచ్చటి బాలుడు ఆ నాలుగు నెలలును ఎవరి రక్షణలో నుండెను? మొదటి విశ్వవిద్యాలయము ఒక్క తప్పునకు రెండుమాఱులు దండించినది. రెండవది దండింపవలసినప్పుడు దండింపక, తనకు సిగ్గు కలిగినప్పుడు దండించినది. రెండింటను కొలతబద్ద తప్పు గాదు, ప్రతిష్ఠ.

మాటలకు దండన వేయుట వాక్స్వాతంత్ర్యమునకు భంగము గాదా యని కొందఱి శంక. నిబంధన యస్పష్టమైనచో నిశ్చయముగా భంగమే. మనసు నొప్పించు మాట లన్నియు నేరములే యను శాసనము నేడు కోచ్‌ను పట్టును, రేపు చరిత్రోపాధ్యాయుని పట్టును, ఎల్లుండి ప్రశ్న వేసిన విద్యార్థినే పట్టును. న్యాయస్థానము అట్టి నిబంధనను కొట్టివేయుట మేలే. కాని పౌరుడు వీధిలో తన యభిప్రాయము చెప్పుట వేఱు, జీతము పుచ్చుకొను గురువు తన చేతిక్రింది బాలుని జాతి పేరిట హీనపఱచుట వేఱు. మొదటిది హక్కు, రెండవది వృత్తిధర్మమునకు ద్రోహము. ఈ గీత ఎచ్చట నున్నదో కళాశాల తప్పు జరుగకమునుపే స్పష్టముగ వ్రాసి, ప్రతి శిక్షకునిచేతను చదివింపవలయును.

తప్పు జరిగినప్పుడు విచారించువారు జట్టు గెలుపుతో సంబంధము లేనివారు కావలయును. గెలుపుతో పేరు తెచ్చుకొను క్రీడాధికారియే విచారణకర్త యైనచో త్రాసు ముందుగనే యొకవైపునకు వ్రాలియుండును. విద్యార్థులను ఒక్కొక్కరినే, శిక్షకుడు లేనిచోట, వారి విద్యార్థివేతనమునకు భంగము రాదని వ్రాతమూలముగ హామీ యిచ్చి వినవలయును. కోపమున జారిన మోటుమాటను, జాతిని గాని కులమును గాని హీనపఱచు మాటను, ఒక బాలునే గుఱిపెట్టి పలుమాఱులు పలికిన మాటను వేఱువేఱుగ తూచవలయును. మొదటిదానికి మందలింపు చాలును. రెండవదానికి కొంతకాలము పనినుండి తొలగించి, విన్నవారందఱి యెదుటను క్షమాపణ చెప్పింపవలయును. మూడవదానికి, చేయిచేసికొనుటకును తొలగింపే తగును. జీతము తగ్గించిన మాత్రమున బాలునికి పోయిన గౌరవము తిరిగి రాదు. ఎవరి యెదుట మాట పడెనో వారి యెదుటనే ఆ మాట వెనుకకు తీసికొనబడవలయును. తీర్పు ఒక్కమాఱే చెప్పవలయును, కారణములతో ప్రకటింపవలయును. దాచిన తీర్పు ఎంత న్యాయమైనదైనను బయటపడిననాడు కుట్రవలెనే కనబడును.

దండనకు అంతము కూడ నుండవలయును. డాంబ్రాట్ కొన్నియేండ్లు శిక్షకవృత్తికి దూరమైయుండి, 1998లో ఓహయో రాష్ట్రమందలి ఆక్రన్ పట్టణమున ఒక ఉన్నతపాఠశాల జట్టునకు శిక్షకుడయ్యెను. అచ్చట అతనియొద్ద ఆట నేర్చిన నల్లబాలురలో, పిదప జగత్ప్రసిద్ధుడైన లెబ్రాన్ జేమ్స్ ఒకడు. ఆపై 2004 మొదలు 2024 వఱకు క్రమముగా ఆక్రన్, డ్యూకేన్ విశ్వవిద్యాలయముల జట్లను నడిపి విరమించెను. దీనిచేత నాటి తొలగింపు తప్పనియు, నాటి మాట ఒప్పనియు తేలదు. ఒక మాట మనుష్యుని యంతటిని కొలువజాలదని మాత్రము తేలును. తప్పు చేసిన గురువునకు మఱల గురువగు దారి మూయరాదు. ఆ దారి మాత్రము మాట పడిన విద్యార్థి గుండెను త్రొక్కుకొని పోరాదు. ఈ రెండింటిని ఒక్క చూపున చూడగల కళాశాలయే దండించుటకు అర్హత గలది.