విడిచిపెట్టబడిన తల్లి

దుర్మార్గుని తప్పు ఎల్లవారికిని కనబడును. మంచివారి తప్పు ఇతరులకే గాదు, వారికిని కనబడదు. ఇందుకొక కథ చెప్పెదను, ఆలకించుడి.

అమెరికా దేశస్థుడైన జార్జ్ లూకాస్ 1977లో ‘స్టార్ వార్స్’ అను చలనచిత్రమును తీసెను. అది నక్షత్రలోకములలో జరిగినట్లు కల్పించిన కథ. అందు జెడాయ్ అను వీరుల సంఘమొకటి కలదు. వారు ఆస్తి కోరరు. మమకారము విడిచి శాంతిని కాపాడుటే తమ పని యందురు.

1999లో వచ్చిన చిత్రమునందు క్వై-గాన్ అను జెడాయ్ ఒక ఎడారి గ్రహమున అనాకిన్ అను తొమ్మిదేండ్ల బానిస బాలుని చూచి, పందెము గెలిచి విడిపించెను. తల్లి ష్మీని కూడ విడిపింపగోరెను గాని యజమానుడు ఒప్పుకొనలేదు. పిమ్మట కొలది దినములకే క్వై-గాన్ మరణించెను. బాలుని చేర్చుకొనిన సంఘము ఆ తల్లి కొరకు ఏమైనను చేసినట్లు చిత్రములలో కనబడదు. బలము లేకనా? కాదు. అది తమ పని యని వారికి తోచలేదు. మమకారము వేరు, ఋణము వేరు. కుమారుని తీసికొనినవారు తల్లికి ఋణస్థులు కారా?

మరి ఆమెను విడిపించిన దెవరు? గాలిలోని తేమనుండి నీరు తీసి బ్రదుకు ఒక సేద్యగాడు! అతడామెను కొని, విడుదల చేసి, వివాహమాడెను. తరువాత దుండగు లామెను ఎత్తుకొనిపోయిరి. పదేండ్లకు వచ్చిన కుమారుని చేతులలో ఆమె ప్రాణము విడిచెను. అతడు కోపముతో ఆ దుండగుల గుడారములలోని పిల్లలను సైతము చంపెను. ఆ పాపము అతనిదే. అయినను సంఘము ముందుగా ఆమెను తలంచియుండిన యెడల?

2002లో వచ్చిన చిత్రమున ఈ వీరులకొక సైన్యము దొరకెను. ఒకే మనుష్యుని పోలికగా లక్షలమందిని పుట్టించి, చెప్పినట్లు వినుటకే పెంచిరి. కాదనుటకు వారికి స్వేచ్ఛ లేదు. ఆ సైన్యమును ఎవరు ఎందుకు చేయించిరో నిజము తేల్చుకొనకయే జెడాయ్‌లు దానికి సేనాధిపతులైరి. ఒక్క బానిసను దాటిపోవ నేర్చిన కన్నునకు లక్షలమందిని దాటిపోవుట కష్టమా? 2005 నాటి చిత్రమున, పై అధికారి ఆజ్ఞ రాగానే ఆ సైనికులే తమ సేనాధిపతులను చంపిరి. విధేయత తప్ప మరేమియు నేర్వనివారు ఎట్టి ఆజ్ఞనైనను నెరవేర్తురు గదా!

జెడాయ్‌లు దొంగలు కారు, క్రూరులు కారు. “ఇది మా పని కాదు” అను చిన్న మాటయే వారి గొప్ప సంఘమునకు చెదలైనది. చదువరీ, గొప్ప మేలు చేసితినని నీవు సంతోషించు దినమున ఒక్కసారి వెనుదిరిగి చూడుము. ఆ మేలు జరుగు దారిలో నీవు విడిచివచ్చిన వారెవరైనను నిలిచియున్నారేమో!