కొండ ఎక్కడం తృష్ణేనా?

దుఃఖానికి మూలం తృష్ణ అని తథాగతుడు బోధించాడు. అలాంటప్పుడు ప్రాణాలకు తెగించి మంచు శిఖరాలు ఎక్కాలనుకోవడం కూడా తృష్ణే కదా? బౌద్ధులమైన మనం దాన్ని మెచ్చుకోవచ్చా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చకూడదు.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా కూలీల బిడ్డ. ఆనంద్ ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద మొదటి పాఠాలు నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్‌లలో మంచును అలవాటు చేసుకుని వెళ్లారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

వీరి కోరికను తృష్ణ అనగలమా? పాళీలో కోరికకు ఒకే మాట లేదు. ‘నాకు కావాలి’ అని పట్టుకు వేలాడేది తణ్హ. ‘ఇది చేయదగినది, చేస్తాను’ అని పూనుకునేది ఛందం. ఛందం లేనిదే అష్టాంగ మార్గంలో చెప్పిన సమ్యక్ వ్యాయామం, అంటే సరైన ప్రయత్నం, మొదలే కాదు. కోరికలన్నీ చెడ్డవే అంటే బడికి వెళ్లాలన్న కోరిక, అంటరానితనం నుంచి బయటపడాలన్న కోరిక కూడా వదులుకోవాలి. మతం పేదరికాన్ని పవిత్రం చేయకూడదని బాబాసాహెబ్ 1950లోనే మహాబోధి పత్రికలో రాశారు. ఉన్నచోటే ఉండమని పేదలకు చెప్పేది ధమ్మం కాదు.

అంతటితో ప్రశ్న తీరదు. పదమూడేళ్ల పిల్లకు చావు ఎంత దగ్గరగా ఉంటుందో తెలుస్తుందా? నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపు వారికి అనుమతి లేదు కాబట్టి ఆ బృందం టిబెట్ వైపు నుంచి ఎక్కింది. పూర్ణ ధైర్యానికి తలవంచుదాం. కానీ ఆ వయోపరిమితి మంచిదే. రికార్డు కోసం ఇంకా చిన్నపిల్లల్ని పంపాలనుకుంటే అది పిల్లల ఛందం కాదు, పెద్దల తృష్ణ.

రెండో ప్రశ్న బరువు మోసేవారి గురించి. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దారిలో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది షెర్పాలు. ఇతరుల శిఖరం కోసం సామాన్లు మోస్తూ, దారి వేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1953లో టెన్జింగ్, హిల్లరీ కలిసే శిఖరం చేరారు. బ్రిటన్ హిల్లరీకి, దళనాయకుడు హంట్‌కు నైట్ బిరుదులిచ్చింది. టెన్జింగ్‌కు జార్జి పతకంతో సరిపెట్టింది. ఈ తేడా మనకు కొత్త కాదు. ఊరి బరువు మోసినవాడి పేరు శిలాఫలకం మీద ఎన్నడూ లేదు.

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు అంటాం. ఎక్కడి నుంచి? సముద్రమట్టం నుంచి. పుదుచ్చేరి కురుచికుప్పంలో మత్స్యకారుల పడవలు ఆగే ఒడ్డు ఆ లెక్కలో దాదాపు సున్నా. ఆ సున్నా లేకపోతే ఈ ఎత్తుకు అర్థం లేదు. ప్రతీత్య సముత్పాదం చెప్పేదీ ఇదే: ఏదీ తనంతట తాను నిలవదు. ‘నేను ఎక్కాను’ అన్న మాటలో ‘నేను’ ఎంత, మోసినవారు ఎంత అని విడదీసి చూడటమే అనాత్మ భావన.

శిఖరం మీద ఎవరూ కాపురం ఉండలేరు. కాసేపు నిలబడి దిగాల్సిందే. ఏరు దాటాక తెప్పను నెత్తిన మోయవద్దని బుద్ధుడు చెప్పింది గెలుపుకూ వర్తిస్తుంది. 2022 జూన్ నాటికి పూర్ణ ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కింది. ఆ సంఖ్య కన్నా, ఆమెను చూసి ఎన్ని తండాల్లో ఆడపిల్లల్ని బడి మానిపించకుండా ఉన్నారన్నదే పెద్ద లెక్క.

హిమాలయాల్లో ముందు వెళ్లే షెర్పాలు మంచులో మేకులు దిగ్గొట్టి తాడు కట్టి వెళతారు. వెనక వచ్చేవారు దాన్ని పట్టుకుని ఎక్కుతారు. మన ఇళ్లలోనూ మొదట చదువుకున్నవారు, మొదట ఉద్యోగం తెచ్చుకున్నవారు ఉన్నారు. తాడు కట్టి వచ్చామా, కోసి వచ్చామా అని ఒక్కొక్కరూ తమను తాము అడగాలి. మన కోరిక తృష్ణా, ప్రయత్నమా అన్నది ఆ జవాబే తేలుస్తుంది.