తండ్రి పోయిన ప్రహ్లాదుడు

భాగవతం సప్తమ స్కంధంలో చావింట్లో వేదాంతం చెప్పేది ఎవరనుకుంటున్నారు? హిరణ్యకశిపుడు. తమ్ముడు హిరణ్యాక్షుడు వరాహస్వామి చేతిలో పోతే, తల్లి దితినీ మరదలినీ తమ్ముడి పిల్లలనూ కూర్చోబెట్టి ఆత్మకు చావు లేదంటాడు. సుయజ్ఞుడనే రాజు శవాన్ని వదలని రాణుల దగ్గరికి యముడే బాలుడై వచ్చిన కథ చెబుతాడు. మాటల్లో తప్పేమీ లేదు. కానీ అంత చెప్పినవాడు, తనకు చావు రాకూడదని మందర పర్వతం మీద తపస్సుకు పోయినాడు.

ఆళ్లగడ్డలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ బతికినదాన్ని. ఈ ఘట్టం నాకు అర్థమైంది మాత్రం మా తమ్ముడు క్యాన్సర్‌తో పోయినాకే. పలకరించడానికి వచ్చినవాళ్లంతా అవే మాటలన్నారు. మా మరదలు తలూపుతూ కూర్చుంది. పిల్లోణ్ని శవం లేవకముందే పక్కింటికి పంపినారు, నాయిన ఊరికి పోయినాడని చెప్పినారు. కర్మ పాలివాళ్ల చేత చేయించినారు. కొన్నాళ్లకు వాడు నన్నడిగినాడు: “అత్తా, నేను ఆ పొద్దు నాయిన మీద అరిచినా గదా, అందుకేనా?”

ఆ ప్రశ్న అన్ని దేశాల పిల్లలకూ వస్తుంది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు, నయం కాని రోగులను చివరిదాకా చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. అక్కడ రోగి నొప్పితో పాటు ఇంటివాళ్ల దుఃఖాన్నీ చూసుకునే పద్ధతి వచ్చింది. హైదరాబాదులోనూ బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్లు 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలుపెట్టినారు. ఈ పని తెలిసినవాళ్లు పిల్లల విషయంలో చెప్పేది సూటిగా ఉంటుంది. చనిపోయినాడనే చెప్పండి. నిద్రపోయినాడంటే పిల్లోడు నిద్రకే భయపడతాడు. నీ తప్పు కాదని ఒక్కసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పండి. చివరి చూపుకు వస్తానంటే రానివ్వండి.

ఇది పరాయి పద్ధతి, మన ధర్మంలో లేదన్నారు మా పెద్దలు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరద నరసింహుణ్ని కొలిచేవాళ్లం ఆ మాట ఎట్లా అంటాం?

ప్రహ్లాదుణ్ని ఏనుగులతో తొక్కించిన తండ్రి, పాములతో కరిపించిన తండ్రి ఆ హిరణ్యకశిపుడే. నరసింహుడి చేతిలో పోయినాడు. ఆయన పాపం పోవాలని వేడుకున్నాడు ఆ బిడ్డ. నీ తండ్రితో పాటు ఇరవై ఒక్క తరాలు పవిత్రమైనాయన్నాడు స్వామి. అంతటితో ఆగలేదు, నా శరీరం తగిలి నీ తండ్రి శుద్ధుడే అయినా ఆయనకు ఉత్తరక్రియలు చెయ్యమన్నాడు. పోయినవాడికి ఆ క్రియ అక్కర లేనప్పుడు ఇక ఎవరికోసం? ఆ బిడ్డ కోసమే అని నా నమ్మకం. వాడి చేతికి ఒక పని కావాల. పట్టాభిషేకం కూడా ఆ తర్వాతే. ఇంకో మాట, ఉగ్రం చల్లారని స్వామి ప్రహ్లాదుడు పాదాల మీద పడగానే మొదట చేసింది బోధ కాదు, తల మీద చెయ్యి పెట్టడం.

మేనల్లుణ్ని ఎగువ అహోబిలం కొండల్లో ప్రహ్లాద బడికి తీసుకుపోయినాను. “ప్రహ్లాదుడు వాళ్ల నాయిన కోసం ఏడ్చినాడా?” అన్నాడు. ఏడ్చినా స్వామి కోప్పడి ఉండడన్నాను.

సంవత్సరీకం దగ్గరపడింది. చిన్నపిల్లోడు, వాడికెందుకంటున్నారు మళ్లీ. ఈసారి వాణ్నే అడుగుతాను. కూర్చుంటానంటే వాడి చేతనే పిండం పెట్టిస్తాం, దర్భ ఎట్లా పట్టాలో అయ్యవారు చూపిస్తాడు. వద్దంటే నా పక్కన కూర్చుంటాడు.